పన్నెండు కుప్పల నవల

ఆ ఆదివారం పొద్దున వినోద దోసె తిరగేస్తుండగా, ప్రణయ్ పేపరు పట్టుకుని వాకిట్లోంచి ఒక్క పరుగున వంటింట్లోకి వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు. మామూలుగా అయితే అత్త ఐలవ్వ చెప్పులను, చెప్పులు వేసుకున్న కొడుకును కలిపి బయటికి వెళ్ళగొట్టేది. కానీ వాడి మొహం చూసి తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయింది.

"వచ్చింది!" అన్నాడు ప్రణయ్.

"ఏమొచ్చింది?"

"నీ బుక్కు మీద వచ్చింది. మధుసూదన్‌రావు సారు రాసిండు. మెచ్చుకున్నడు, వినోదా! మెచ్చుకున్నడు!"

దోసె సంగతి ఇక ఎవరికీ గుర్తు లేదు. కరీంనగర్‌లో ఉండే మధుసూదన్‌రావు రిటైరైన లెక్చరరు, ముప్పై ఏళ్ళుగా పుస్తకాల మీద సమీక్షలు రాస్తున్న మనిషి. ఆయన చేతిలో పడిన రచయితలు రెండో పుస్తకం రాసిన దాఖలాలు తక్కువ. ఒకాయన కవిత్వం మానేసి కోళ్ళు పెంచుకుని హాయిగా ఉన్నాడని చెప్పుకుంటారు. అలాంటి మనిషి, పెళ్ళయి నాలుగు నెలలైన నస్పూర్ కోడలు రాసిన మొదటి నవలను మెచ్చుకున్నాడంటే ఒక దోసె మాడటం పెద్ద విషయం కాదు.

నవల పేరు 'లోపలి గొళ్ళెం'. స్నిగ్ధ అనే కొత్త పెళ్ళికూతురు, రోజూ తెల్లారేసరికి లోపలి నుంచి గొళ్ళెం పడి ఉండే ఒక గది, ఆ గదిలో ఒక హత్య. పాఠకుడు పదకొండు అధ్యాయాలూ స్నిగ్ధ కోసం భయపడతాడు. పన్నెండోదానిలో, చంపింది స్నిగ్ధే అని తెలుస్తుంది. డిగ్రీ మూడో ఏడు మొదలుపెట్టి వినోద దాన్ని రెండేళ్ళు రాసింది. మంచిర్యాలలో చిన్న ప్రెస్సు నడిపే ప్రణయ్, పెళ్ళి తర్వాత వచ్చిన మొదటి దీపావళికి చీరకు బదులు ఆ నవలను అచ్చువేసి పెట్టాడు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా వినోదకు ఇప్పటికీ నవ్వొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకోవాల్సి వస్తుంది.

"చదువు బిడ్డా, నాకు గూడ ఇనిపించేటట్టు చదువు" అంది ఐలవ్వ.

సమీక్ష చిన్నదే. పేజీలో మూడొంతులు ఒక చీరల దుకాణం ప్రకటన ఆక్రమించింది. మిగిలిన మూలలో ఇలా ఉంది: "'లోపలి గొళ్ళెం' వెనక నుంచి ముందుకు నడిచినా నిలబడిన నవల. హంతకురాలెవరో మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోయింది. అయినా కింద పెట్టలేకపోయాను. తెలిసిన మనిషిని చూసి భయపడటం ఎలాగో ఈ అమ్మాయికి తెలుసు."

ఐలవ్వ అప్పటికే ప్రహరీ గోడ దగ్గరికి చేరింది. "ఓ రాజవ్వా! మా కోడలు మర్డర్ రాసింది గద, గది పేపర్ల పడ్డది!"

వినోద మాత్రం ఆ నాలుగు వాక్యాలను మళ్ళీ చదివింది. మూడోసారి చదివేటప్పటికి ఆమె నవ్వు సగంలో ఆగింది.

"ప్రణయ్, మొదటి పది నిమిషాలల్ల ఎట్ల తెలుస్తది? ఆఖరి చాప్టర్ల గద తెలిసేది?"

"పెద్దాయన. ముందే పట్టేసిండేమో."

"పట్టేసిండని రాయలే. తెలిసిపోయింది అని రాసిండు. వెనక నుంచి ముందుకు అంటుండు."

ఇద్దరూ మంచం కింద ఉన్న పుస్తకాల కట్టలను బయటికి లాగారు. వినోద ఒక పుస్తకం తెరిచింది. మొదటి వాక్యం "పెళ్ళి పందిట్లో కరెంటు పోయినప్పుడు స్నిగ్ధ చెయ్యి ఎవరో పట్టుకున్నారు." సరిగానే ఉంది. ఇంకో కట్టలోంచి ఇంకొకటి తీసింది. మొదటి వాక్యం "చంపింది నేనే."

వినోద రెండు పుస్తకాలనూ తెరిచినవి తెరిచినట్టే ప్రణయ్ ముందు పెట్టింది.

జరిగింది అర్థం చేసుకోవడానికి వాళ్ళకు ఎక్కువసేపు పట్టలేదు. పుస్తకం అంటే ఫారాలు, పదహారు పేజీలుగా మడిచిన పెద్ద కాగితాలు. ఒక్కో ఫారం ఒక్కో కుప్పగా పేర్చి, వరుసగా ఒక్కో కుప్ప నుంచి ఒక్కోటి ఏరి కలిపితే పుస్తకం అవుతుంది. తర్వాత దాన్ని బైండర్ అంతయ్య కుట్టి అట్ట అంటిస్తాడు. పెళ్ళి పత్రికలు తప్ప ఇంకేదీ అచ్చు వేసి ఎరగని ప్రణయ్, ఒక్కో అధ్యాయం ఒక్కో ఫారంలో సరిగ్గా పట్టేలా ఎంతో అందంగా సర్దాడు. అంచుల వెంట మామిడాకుల డిజైను కూడా వేశాడు. పెళ్ళి పత్రికకు పేజీ నంబర్లు ఉండవు గనుక, నవలకూ అవి ఉండాలని అతనికి తట్టలేదు. అధ్యాయాలకు పేర్లే గానీ అంకెలు వద్దని వినోద ముచ్చటపడింది. ఇద్దరి ముచ్చటా కలిసింది.

ఫారాలు ఏరే రోజు హాల్లో పన్నెండు కుప్పలను గుండ్రంగా పేర్చారు. పొద్దున వినోద, ప్రణయ్ కలిసి వంద పుస్తకాలు ఏరారు. మధ్యాహ్నం వాళ్ళ నడుములు చూసి జాలిపడి, ఐలవ్వ కాలనీ ఆడవాళ్ళను ఎనిమిది మందిని పిలుచుకొచ్చింది. సద్దుల బతుకమ్మ వెళ్ళి వారం కూడా కాలేదు. నేల మీద గుండ్రంగా ఏదైనా కనబడితే వాళ్ళ కాళ్ళు వాటంతట అవే కదిలే రోజులవి. ఎవరో పాట ఎత్తుకున్నారు. అందరూ గడప దగ్గర మొదలుపెట్టి, బతుకమ్మ చుట్టూ ఏ దిక్కుకు తిరుగుతారో ఆ దిక్కుకే తిరిగి, పాట పూర్తయ్యేసరికి రెండు వందల పుస్తకాలు ఏరి పెట్టారు. ప్రణయ్ కుప్పలు పేర్చింది మాత్రం ఇంకో దిక్కుకు. దాంతో పన్నెండో కుప్ప ముందు, ఒకటోది ఆఖరున పడ్డాయి.

అంతయ్య తెచ్చింది తెచ్చినట్టు కుట్టేశాడు. ఆయనకు చదువు రాక కాదు. నలభై ఏళ్ళుగా ఆఫీసు రిజిస్టర్లు కుట్టీ కుట్టీ, లోపల ఏముందో చూసే అలవాటు ఎప్పుడో పోయింది.

"ఇప్పటికే యాభై పంచినం గద. ఎవ్వరు చెప్పలేదేంది?" అంది వినోద.

"ఒకటి సార్‌కు పంపి, తక్కినయి చుట్టాలకు పంచినం. చుట్టాలెవ్వరు అట్ట లోపలి అంకితం దాటలే."

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. మధుసూదన్‌రావు. వినోద నిలబడి మాట్లాడింది. ఆయన గొంతు గంభీరంగా ఉంది.

"అమ్మా, వచ్చే ఆదివారం కరీంనగర్‌ల సభ పెడుతున్నం. లైబ్రరీ హాలు మాట్లాడిన. నీ నవల మీద నేనే మాట్లాడుత. పుస్తకాలు పట్టుకరా, శానా మంది అడుగుతున్నరు."

"సార్, జర ఒక మాట..."

"సభల చెప్పమ్మా. ఫోన్ల నాకు సరిగ వినపడదు." పెట్టేశాడు.

వినోద గోడకు ఆనుకుంది. రెండేళ్ళపాటు ఆ చివరి అధ్యాయం దాచడానికే ఆమె తక్కిన పదకొండూ రాసింది. అది పనిచేసిందా లేదా అని చెప్పే మనిషి కోసం ఎదురుచూసింది. ఇప్పుడు మెప్పు వచ్చింది. వచ్చింది తనకా, కుప్పలకా?

"సార్‌కు నిజం చెప్పాలె" అంది.

"నీకేమన్న పిచ్చా?" అంది ఐలవ్వ. "ముప్పై ఏండ్లల్ల ఎవ్వర్ని మెచ్చనాయన నిన్ను మెచ్చిండు. పోయి, నువ్వు మెచ్చింది తప్పు సారూ అని చెప్తవా? ఆ పెద్దమనిషి ఇజ్జత్ ఏం గావాలె?"

"మరేం జెయ్యాలె అత్తమ్మా?"

"ఆయనకు నచ్చినట్టు అన్ని పుస్తకాలు చేస్తే అయిపాయె. ఏం ఫికర్ పడకు."

ప్రణయ్ ఆలోచించాడు. విప్పితే అట్టలు చిరుగుతాయి గానీ, అవి వంద ఎక్కువే వేసి ఉన్నాయి. ఇంట్లో ఉన్న కట్టల్లో సరైనవి ఎనభై తేలాయి. ఒకే నవలను సగం మంది ముందు నుంచి, సగం మంది వెనక నుంచి చదివి సభలో కొట్టుకునే కన్నా, అన్నీ ఒక్క తీరుగా ఉండటమే మేలనిపించింది. వినోద వద్దు వద్దని రెండుసార్లు అంది. మూడోసారి అనబోయేలోపు అంతయ్య కత్తెరతో దిగాడు.

"మంచిగున్నదాన్ని ఇప్పి ఉల్టా కుట్టుడు నా సర్వీసుల ఇదే మొదలు" అన్నాడు అంతయ్య, దారాలు కోస్తూ. "ఇది ఎవరికన్న చెప్తే నాకు రిజిస్టర్ల పని గూడ ఇయ్యరు."

ఐలవ్వ కాలనీ ఆడవాళ్ళను మళ్ళీ పోగుచేసింది. "మొన్న ఎట్ల తిరిగిన్రో గట్లనే తిరగాలె. మీరు తిరిగిందే కరెక్టట. పేపర్ల పడ్డది."

ఆ మాటతో వాళ్ళ నడకకే ఒక హోదా వచ్చింది. ఎనభై పుస్తకాలు గంటలో తలకిందులయ్యాయి. శనివారానికి అన్నీ సిద్ధం. ఒక్క చిక్కు మిగిలింది. ప్రణయ్ వదిన రమ, పండక్కి ఇచ్చోడలో ఉన్న పుట్టింటికి వెళ్తూ ఒక పుస్తకం తీసుకెళ్ళింది. చుట్టాలందరిలో నిజంగా చదివే మనిషి ఆమె ఒక్కతే. పైగా ఇచ్చోడ నుంచి సభకు వస్తానని, పుస్తకంలోని ముక్కలు గడగడా అప్పజెప్తానని కబురు చేసింది. ఆమె దగ్గర ఉన్నది సరైన పుస్తకమైతే సభలో కొంప మునుగుతుంది. ప్రణయ్ ఒక ఉల్టా పుస్తకం సంచిలో వేసుకుని బస్సెక్కాడు.

అతను వెళ్ళేసరికి రమ బియ్యం డబ్బా మీద ఫోను నిలబెట్టి, దాని ముందు కూర్చుని పైకి చదువుతోంది. ఫోనులో ఆమె భర్త, అంటే ప్రణయ్ అన్న లక్ష్మణ్, దుబాయి నుంచి వింటున్నాడు. వాళ్ళాయనకు రోజుకో అధ్యాయం చదివి వినిపిస్తోందట. ప్రణయ్ చూస్తుండగానే పదకొండోది అయిపోయింది.

"వదినె, గా బుక్కు జర వాపస్ ఇయ్యి. దీని బదులు ఇది తీస్కో."

"ఎందుకు మర్దీ? రేపొక్కటి అయితే అయిపోతది."

"గది తప్పు బుక్కు వదినె."

ఫోనులోంచి లక్ష్మణ్ అరిచాడు. "తప్పేందిరా? పదకొండు దినాల సంది వింటున్న! నేనొక్కన్నే కాదు, రూముల ఎనిమిది మందిమి వింటున్నం. కేరళాయన గూడ ఉన్నడు, తెలుగు రాకున్నా భయపడుతుండు. ఆ పిల్లను ఎవడో చంపుతడని మాకు నిద్ర పడుతలేదు. ఎవడు చంపిండో చెప్పి తీస్కపో!"

"చెప్తె మజా ఉండదన్నా."

"మజా మా దగ్గరున్నది, నువ్వు గుంజుకపోతున్నవ్!"

ఈ లోపల రమ, మరిది చేతిలోని కొత్త పుస్తకం తీసుకుని, ఇందులో తేడా ఏముందా అని మొదటి పేజీ తెరిచి, అలవాటుకొద్దీ పైకే చదివింది. "చంపింది నేనే. స్నిగ్ధ అద్దంలోకి చూసి అంది."

దుబాయిలో ఎనిమిది మంది ఒక్కసారి కేకపెట్టారు. ఫోను బియ్యం డబ్బా మీంచి జారి పడింది. కింద పడ్డాక కూడా అందులోంచి లక్ష్మణ్ గొంతు వినబడుతూనే ఉంది. "గామెనా? గామెనే చంపిందా? పదకొండు దినాల సంది గామె కోసం ఏడుస్తున్నం గదరా!"

ఇంటికి తిరిగొచ్చి ప్రణయ్ ఇదంతా తిట్లతో సహా చెప్పాడు. వినోద కళ్ళు పెద్దవయ్యాయి.

"నిజంగనే అరిచిన్రా?"

"చెవులు పలిగేటట్టు అరిచిన్రు."

"ఎనిమిది మందీ?"

"కేరళాయన అందరికన్న ఎక్కువ అరిచిండు."

"నిజంగనే?"

వినోద మూడోసారి అడిగి, జవాబు వినకుండానే వంటింట్లోకి వెళ్ళి రెండు బెల్లం ముక్కలు తెచ్చి, ఒకటి అతని నోట్లో పెట్టి ఒకటి తను తింది. తన పన్నెండో అధ్యాయం పనిచేసింది. సరైన చోట ఉంటే పనిచేస్తుంది. తేలిపోయింది.

"రేపు సార్‌కు చెప్పేస్త" అంది.

"వినోదా, రెండు వందల యాభై పుస్తకాలు ఉల్టా చేసి ఆటోల ఎక్కించినం."

"అయినా చెప్తా."

ఆదివారం లైబ్రరీ హాలు నిండింది. నస్పూర్ నుంచి కాలనీ ఆడవాళ్ళు ఎనిమిది మంది పట్టుచీరల్లో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. పుస్తకానికి తామూ కారకులమేనని వాళ్ళకు తెలుసు. తలుపు దగ్గర బల్ల వేసుకుని ఐలవ్వ వచ్చినవాళ్ళకు వచ్చినట్టు పుస్తకాలు అందిస్తోంది. "తీస్కోండ్రి, తీస్కోండ్రి, మా కోడలు రాసిన మర్డర్" అంటోంది. వినోద వేదిక మీద మధుసూదన్‌రావు పక్కన కూర్చుని రెండుసార్లు ఆయన చెవి దగ్గరికి వంగింది. రెండుసార్లూ ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

"ముందు నా మాట కానియ్యమ్మా."

ఆయన లేచి, చేతిసంచిలోంచి తన పుస్తకం తీసి బల్ల మీద తెరిచి పెట్టాడు. వినోద చూపు దాని మీద పడింది. మొదటి పేజీలో కరెంటు పోయిన పెళ్ళి పందిరి ఉంది. స్నిగ్ధ చెయ్యి ఎవరో పట్టుకున్నారు.

అది సరైన పుస్తకం.

"నేను రాసిన సమీక్షల మొదటి పేరా పత్రికోళ్ళు కోసేసిన్రు" అన్నాడు మధుసూదన్‌రావు మైకులో. "చీరల ప్రకటనకు జాగా సాలలేదట. గా పేరా గిప్పుడు చదువుత." జేబులోంచి కాగితం తీసి కళ్ళజోడు సర్దుకున్నాడు. "'నాకు రక్తపోటు ఉంది. సస్పెన్సు పనికిరాదని డాక్టరు ఇరవై ఏళ్ళ కిందటే చెప్పాడు. అందుకని ఏ నేర నవలనైనా నేను చివరి అధ్యాయంతో మొదలుపెట్టి ఒక్కొక్కటే వెనక్కి చదువుతాను. అట్లా చదివితే నవలలన్నీ నా చేతుల్లో చచ్చిపోయాయి. ఒక్కటే బతికింది.' గీ అమ్మాయి నవల."

హాలంతా చప్పట్లు. వినోదకు చప్పట్లు కొట్టాలో ఏడవాలో తెలియలేదు. కింద రెండో వరసలో ప్రణయ్ తల పట్టుకున్నాడు. వెనక వరసలో అంతయ్య లేచి నిలబడి మెల్లగా తలుపు వైపు జరిగాడు.

"కని ఒక మాట" అని చెయ్యెత్తాడు మధుసూదన్‌రావు. "మీరు నా తీరుగ చదవకున్రి. మొదటి పేజీ నుంచి చదవున్రి. నేను నా బీపీ కోసం ఎంత పోగొట్టుకున్ననో ఆఖర్ల, అంటే మొదట్ల, నాకు సమజైంది. గీ పిల్ల పదకొండు చాప్టర్లు ఎంత బాగ దాచిందంటే, ఆఖరిది ముందుగాల చూసిన నాకే అది మర్చిపోదామనిపించింది."

పాఠకులు వినయంగా తమ తమ పుస్తకాలు తెరిచారు. కాగితాల చప్పుడైంది. మూడో వరసలోంచి ఆ లైబ్రరీలోనే పనిచేసే సరళాదేవి లేచి నిలబడింది.

"సార్, నా దాంట్ల మొదటి పేజీలనే 'చంపింది నేనే' అని ఉన్నది."

"నా దాంట్ల గూడ!"

"అందరి దాంట్ల గట్లనే ఉన్నది సార్!"

మధుసూదన్‌రావు ఒక పుస్తకం అడిగి తీసుకున్నాడు. దాన్ని చూశాడు. తన పుస్తకాన్ని చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ రెండూ చూశాడు. "ఇదేందమ్మా?"

వినోద లేచి మైకు అందుకుంది. కుప్పలు చెప్పింది, బతుకమ్మ చెప్పింది, పేజీ నంబర్లు లేని సంగతి చెప్పింది. "మీరు మెచ్చింది ఉల్టా పుస్తకమే అనుకున్నం సార్. అందుకని మంచిగున్నయి గూడ ఇప్పి ఉల్టా కుట్టించినం. మీరు చదివింది సీదా బుక్కని తెలువదు. తప్పయింది."

మధుసూదన్‌రావు మొహం ఎర్రబడింది. భుజాలు కదిలాయి. సరళాదేవి ఆయన మాత్రల కోసం చేతిసంచి వెతకబోయింది. అప్పుడు తెలిసింది, ఆయన నవ్వుతున్నాడని. చాలా ఏళ్ళుగా వాడకపోవడం వల్ల ఆ నవ్వు మొదట దగ్గులాగా వచ్చింది.

"అంటే" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ, "నా బీపీకి సరిపోయేటట్టు రెండు వందల యాభై కాపీలు అచ్చేసిన్రన్నట్టు!"

"మాకు బీపీ లేదు సార్" అన్నారెవరో వెనక నుంచి. "మాకు సీదాది గావాలె."

"సీదాది ఈడ రెండే ఉన్నయి" అన్నాడు ప్రణయ్, సంచిలోంచి రమ పుస్తకం తీసి చూపిస్తూ.

ఆ రెండిటి కోసం హాల్లో సగం మంది లేచారు. గోల మొదలైంది. అంతలో తలుపు దగ్గర బల్ల మీద ఎవరో గట్టిగా చరిచిన చప్పుడైంది. ఐలవ్వ. కొంగు నడుముకు దోపుకుంది.

"ఏం పరేషాన్ గాకున్రి! పుస్తకాలన్ని మళ్ళ ఈడ పెట్టున్రి. లైబ్రరమ్మా, గీ హాలు రేపు ఖాళీయేనా? మంచిది. రేపు పొద్దుగాల అందరు ఈడికే రావాలె. కుర్చీలన్ని తీసి పక్కకు పెట్టాలె. నడుమ పన్నెండు కుప్పలు పెడ్తం. అంతయ్యా, యాడికి పోతున్నవ్? కత్తెర పట్టుకరా. ప్రణయ్, కొత్త అట్టలు వెయ్యి. గీసారి అందరం ఉల్టా తిరుగుదాం."

ముందు వరసలోంచి ఒకామె అనుమానంగా అడిగింది. "పాట గూడ ఉల్టా పాడాల్నా అక్కా?"

"పాట సీదానే. కాళ్ళే ఉల్టా."

వినోద కింద ప్రణయ్ వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మధుసూదన్‌రావు డైరీ తీసి రేపటి తేదీలో పని రాసుకున్నాడు. తానూ వస్తానని, అయితే అలవాటుకొద్దీ అక్కడి నుంచే మొదలుపెడతానేమో గనుక తనను పన్నెండో కుప్ప దగ్గర మాత్రం నిలబెట్టొద్దని కోరాడు.